నడిచి చదవాల్సిన నగరం

చాంద్రాయణగుట్ట కుటుంబాల కోసం ఒక చారిత్రక నడక ప్రణాళిక

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని కళ్ళారా చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక సందర్భాల్లో మానవుణ్ణి పురికొల్పింది. సంచారం అనగానే మన మనసు దూరప్రాంతాల వైపు పరుగెత్తుతుంది. సెలవులు వస్తే పిల్లల్ని ఊటీకో మైసూరుకో తీసుకువెళ్ళాలని తపన పడతాం. అయితే చాంద్రాయణగుట్ట చౌరస్తాకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలోనే 430 ఏళ్ళు దాటిన ఒక నగరం ఉంది. పెళ్ళి గాజుల కోసం లాడ్ బజార్‌కు, పండుగ బట్టల కోసం పత్తర్‌గట్టీకి, రమజాన్ రాత్రుల్లో చార్మినార్‌కు మనం వెళుతూనే ఉంటాం. కొంటాం, తింటాం, ఆటో ఎక్కి తిరిగి వచ్చేస్తాం. మన పిల్లలు ఆ నగరంలో తిరుగుతున్నారే గాని, దాన్ని చదవడం లేదు.

ఈ తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. మన పిల్లవాడు చదువుకో ఉద్యోగానికో మూసీ అవతలికి వెళ్ళినప్పుడు "పాతబస్తీ వాడివా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్నలో ఒక్కోసారి కుతూహలం ఉంటుంది, ఒక్కోసారి చులకన ఉంటుంది. జవాబు తెలియని పిల్లవాడు సిగ్గుతో తల దించుకుంటాడు, లేదా కోపంతో గొంతు పెంచుతాడు. తెలిసినవాడు నింపాదిగా నాలుగు మాటలు చెబుతాడు. ఆ నాలుగు మాటలను అతనికి అందించవలసిన బాధ్యత తల్లిదండ్రులది, మొహల్లా పెద్దలది. ఈ నగరం మనకు పూర్వికులు అప్పగించి వెళ్ళిన అమానత్. తన చేతిలో ఉన్న అమానత్ ఏమిటో ఎరుగనివాడు దాన్ని కాపాడలేడు.

ఈ ఉద్దేశంతోనే చాంద్రాయణగుట్ట, బార్కస్, ఫలక్‌నుమా పరిసరాల్లో నివసించే కొన్ని తెలుగు కుటుంబాల వారం కలిసి ఒక నడకను రూపొందించాం. గైడు వెంట ఇరవై మంది, ఒక ఉదయం పూట, సుమారు రెండు కిలోమీటర్ల దారి. పటం మీద దారి గీయడం గంటసేపటి పని. ఎవరి అడుగును బట్టి నడవాలి, ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు, బజారులో ఎలా మెలగాలి అన్నవే అసలు ప్రశ్నలని పని మొదలుపెట్టాక తెలిసింది. వాటికి సమాధానాలు మన ధర్మబోధనల్లోనే లభించాయి. ఇతర మొహల్లాల వారికి కూడా ఉపయోగపడగలదన్న ఆశతో ఆ ప్రణాళికను పాఠకుల ముందుంచుతున్నాం.

నగరం పుట్టుక

నడకకు వారం రోజుల ముందే ప్రతి కుటుంబం నగరం పుట్టుకను గురించి కొంత తెలుసుకొని ఉండాలి. తెలియని కళ్ళకు కమాన్ అయినా కటిక గోడ అయినా ఒకటే.

కుతుబ్ షాహీల రాజధాని గోల్కొండ కోట. జనం పెరిగి, నీటి కొరత ఏర్పడి, కోట ఇరుకైపోయింది. నాలుగవ సుల్తాన్ ఇబ్రాహీం కాలంలో 1578లో మూసీ నదిపై వంతెన నిర్మాణం జరిగింది. అదే నేటి పురానాపూల్. నది దాటే దారి ఏర్పడ్డాక, అవతలి ఒడ్డున కొత్త నగరానికి అవకాశం కలిగింది. ఇబ్రాహీం కుమారుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాద్‌కు పునాది వేశాడు. నగర రచన బాధ్యతను ఆయన పీష్వా మీర్ మోమిన్ నిర్వహించారని చరిత్రకారులు పేర్కొంటారు. ఆయన ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన పండితుడు.

ఆ రచన సరళమైనది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగే వర్తక మార్గాన్ని మరొక మార్గం ఖండించేచోట చార్మినార్ నిలిపారు. అక్కడి నుంచి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు, వాటి మధ్య నాలుగు భాగాలుగా నగరం. చార్మినార్‌కు ఉత్తరాన విశాలమైన చౌకు, దాని నాలుగు వైపులా నాలుగు కమాన్‌లు, మధ్యలో నీటి హౌజ్. నేడు మనం గుల్జార్ హౌజ్ అని పిలుస్తున్నది దాన్నే. బజారుతో పాటు మస్జిదును, వైద్యశాలను కూడా నగరం తొలినాళ్ళలోనే నిర్మించారు. ముహమ్మద్ కులీ కట్టించిన దారుష్షిఫాలో రోగులకు చికిత్స జరిగేది, యునానీ వైద్యవిద్య బోధన కూడా జరిగేది. నేడు ఒక మొహల్లా పేరుగా మాత్రమే మనకు తెలిసిన దారుష్షిఫా ఒకప్పటి ఆరోగ్య నిలయమన్న సంగతి పిల్లలకు చెప్పినప్పుడు వారి ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం చూడదగ్గది.

తెలుగు కుటుంబాలకు ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఈ సుల్తానుల చరిత్ర తెలుగుకు పరాయిది కాదు. ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తన 'తపతీ సంవరణము'ను ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో 'యయాతి చరిత్ర' రచించిన పొన్నెగంటి తెలగన దాన్ని అమీన్ ఖాన్ అనే ముస్లిం అధికారికి అంకితమిచ్చాడు. కనుక చార్మినార్ నీడలో నిలబడి తెలుగులో చరిత్ర చెప్పుకోవడం కొత్త సంగతి కాదు, పాత సంబంధాన్ని గుర్తుచేసుకోవడమే. మా నడకలో గైడు తెలుగులో చెప్పాలని, ఉర్దూ మాత్రమే అర్థమయ్యే నానీమాలకు పక్కన ఒకరు దక్కనీలో వివరించాలని మొదటే నిర్ణయించుకున్నాం.

మన వైపు నుంచి మొదలుపెడదాం

చార్మినార్‌కు వెళ్ళే ముందు ఇంటి చుట్టుపక్కల ఉన్నదాన్ని చూడటం మంచిది. నడకకు ముందటి ఆదివారాన్ని ఇందుకే కేటాయించాం. బార్కస్ అన్న పేరు నిజాం కొలువులోని అరబ్ సైనికుల బ్యారక్‌ల నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన ఆ సైనికుల వారసులు నేటికీ అక్కడ నివసిస్తున్నారు. వారి హరీస్ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. దాని వెనుక సముద్రాలు దాటి వచ్చిన ఒక చరిత్ర ఉన్నదని మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. చాంద్రాయణగుట్ట కొండమీది చెన్నకేశవస్వామి ఆలయం కూడా ఈ ప్రాంత చరిత్రలో భాగమే. ఇరుగుపొరుగుల చరిత్రను గౌరవంతో తెలుసుకోవడం మన పిల్లలకు అవసరమైన శిక్షణ.

పిసల్‌బండలోని పైగా సమాధులకు ఒక గంట కేటాయించాలి. నిజాముల కొలువులో అత్యున్నత స్థానం వహించిన పైగా వంశీయుల సమాధులవి. 18వ శతాబ్దం చివరి నుంచి అక్కడ నిర్మాణాలు జరిగాయి. సున్నపు పనితనం, రంధ్రాల జాలీలు, ఒకదానితో ఒకటి పోలని రేఖాచిత్రాలు చూపు తిప్పుకోనివ్వవు. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఇక్కడే ఖననమై ఉన్నారు. గుట్ట మీద ఆయన కట్టించిన మహలు, ఇక్కడ ఆయన సమాధి. పిల్లల చేత ఈ రెండింటినీ ఒకే రోజు చూపిస్తే, ఐశ్వర్యం ఎంతవరకు వెంట వస్తుందో వేరే ప్రసంగం అవసరం లేకుండా అర్థమవుతుంది.

ఇక చార్మినార్ వైపు సాగే దారి. మన వైపు నుంచి వెళ్ళేవారు అలియాబాద్ మీదుగా నగరంలో ప్రవేశిస్తారు. ఒకప్పుడు అక్కడ నగర ప్రాకారానికి దక్షిణపు దర్వాజా ఉండేది. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ఆ ప్రాకారాన్ని మొదటి ఆసఫ్ జా పూర్తి చేయించాడు. నగరానికి 13 దర్వాజాలు ఉండేవని ప్రతీతి. వాటిలో నేడు నిలిచి ఉన్నవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. అలియాబాద్, లాల్ దర్వాజా, యాకుత్‌పురా వంటి పేర్లు బస్సు బోర్డుల మీద మిగిలాయి. బస్సు అలియాబాద్ దాటుతున్నప్పుడు "ఇప్పుడు మనం నగరంలో అడుగుపెట్టాం" అని గైడు చెబితే చాలు, పిల్లలందరూ కిటికీల వైపు తిరుగుతారు. దారికి దగ్గరలో, సుల్తాన్‌షాహీలోని దాయెరా మీర్ మోమిన్‌లో ఈ నగర రూపశిల్పి ఖననమై ఉన్నారన్న విషయం కూడా అప్పుడే చెప్పవచ్చు.

దారి, వేళ

చార్మినార్ పరిసరాల నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. శుక్రవారం పనికిరాదు. జుమా రద్దీకి తోడు చౌమహల్లా ప్యాలెస్‌కు ఆ రోజు సెలవు. రమజాన్ మాసంలోనూ, మొహర్రం తొలి పది రోజుల్లోనూ, పెద్ద ఊరేగింపులున్న రోజుల్లోనూ నడక పెట్టుకోరాదు. మేము ఆదివారం ఉదయాన్ని ఎంచుకున్నాం. క్రమం ఇలా ఉంది.

ఉదయం 8 గంటలకు గుల్జార్ హౌజ్. దుకాణాల తలుపులు ఇంకా తెరవని ఆ వేళలోనే నాలుగు కమాన్‌లు నిండుగా కనిపిస్తాయి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి కమాన్ రాజమహలుకు దారితీసేది. దాని పాత పేరు 'సెహ్ర్-ఎ-బాతిల్', అంటే మంత్రతంత్రాలను వమ్ము చేసేది. జనం నోట నలిగి ఆ పేరు రూపు మారింది. చార్మినార్ నిర్మాణం జరిగిన మరుసటి సంవత్సరమే, 1592లో, ఈ కమాన్‌లు లేచాయి. ఇక్కడ అరగంట చాలు.

తరువాత సమీపంలోని జామె మస్జిద్. ఇది 1597-98 నాటిది, కొత్త నగరపు తొలి మస్జిదులలో ఒకటి. మక్కా మస్జిద్ వైభవం ముందు దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాని నగరం తొలితరం వారు సజ్దా చేసిన చోటు ఇదే అన్న తలపు మనసును కదిలిస్తుంది.

చార్మినార్‌లోకి 9.30కు ప్రవేశం మొదలవుతుంది. సందర్శకులను మొదటి అంతస్తు వరకే అనుమతిస్తారు. పైన ఒక మస్జిదు ఉన్నదని కింది నుంచే చూపించాలి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో అమర్చినవి. మెట్లు ఇరుకైనవి, మెలికలు తిరిగినవి. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద ఆగడమే మేలు. పై నుంచి చూస్తే నాలుగు బాటలు నాలుగు వైపులకు సాగిపోతూ కనిపిస్తాయి. మీర్ మోమిన్ గీసిన గీతలు పిల్లలకు అక్కడ స్పష్టంగా అర్థమవుతాయి.

10.30కు లాడ్ బజార్. ఇక్కడ కొనడానికి కాకుండా, తయారీని చూడటానికి వెళ్ళాలి. కారిగరు లక్కను కుంపటి వేడికి మెత్తబరచి, సాగదీసి, గాజుగా చుట్టి, దాని మీద ఒక్కొక్క రాయినీ చేత్తో పొదుగుతాడు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. చూపించినందుకు కారిగరుకు ఎంతో కొంత చెల్లించాలి. ఆయన సమయం మన వినోదానికి ఉచితం కాదు. బజారు చివరన 1892 నాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభం ఉంది.

అక్కడి నుంచి చౌమహల్లా. 18వ శతాబ్దంలో మొదలై 19వ శతాబ్దంలో పూర్తయిన ఆసఫ్ జాహీల ప్యాలెస్ ఇది. దాని పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం దక్కింది. లోపలికి వెళ్ళేందుకు టికెట్టు ఉంది కనుక ఆ ఖర్చును ఐచ్ఛికంగా ఉంచాం. వద్దనుకున్న కుటుంబాలు నేరుగా మక్కా మస్జిద్ ప్రాంగణానికి చేరుకోవచ్చు. జుహర్ నమాజుతో అక్కడ నడక ముగుస్తుంది.

బలహీనుడి అడుగే కొలత

నమాజు చదివించే ఇమామ్ తన వెనుక ఉన్నవారిలో వృద్ధులు, రోగులు, బలహీనులు ఉంటారని గుర్తుంచుకొని తేలిక చేయాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. గైడు కూడా ఒక విధంగా ముందు నడిచే ఇమామే. బృందం వేగాన్ని నిర్ణయించవలసింది ముందు ఉరికే కుర్రవాడు కాదు, చివరన నడిచే దాదీమా.

ఈ సూత్రాన్ని పాటించినప్పుడు ప్రణాళిక రూపమే మారిపోయింది. మేము ముందుగా గీసుకున్న దారిలో పురానాపూల్ కూడా ఉంది, దారుష్షిఫా కూడా ఉంది. ఒక పెద్దావిడను వెంట తీసుకొని, గడియారం చేతపట్టుకొని నడిచి చూశాక వాటిని వేరే రోజుకు మార్చాం. ఎక్కువ చూపించడం కన్నా, చూసినదాన్ని నిలిచి చూడనివ్వడం ముఖ్యం. ప్రతి అరగంటకు ఒకసారి కూర్చోవడానికి నీడ గల చోటు గుర్తించాం. మరుగుదొడ్లు ఎక్కడ ఉన్నాయి, అవి ఆ వేళకు తెరిచి ఉంటాయా అన్నది స్వయంగా వెళ్ళి చూసి రాసుకున్నాం. మహిళలు వుజూ చేసుకోవడానికి, నమాజు చదువుకోవడానికి ఏ ఏర్పాటు ఉందో మస్జిదు నిర్వాహకులను ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ రోజున అక్కడికి వెళ్ళి తడుముకునే పరిస్థితి తల్లులకు, అక్కచెల్లెళ్ళకు రానివ్వరాదు.

బృందం ఇరవైకి మించితే గైడు మాట చివరివారికి వినబడదు. మైకు పెడితే బజారుకు, మస్జిదుకు ఇబ్బంది. కనుక నలభై మంది వస్తే రెండు బృందాలు చేయడమే సరైనది. గైడు ముందు నడవాలి. బాధ్యత గల యువకుడొకరు అందరికన్నా చివర నడవాలి. మధ్యలో పిల్లల లెక్క చూసుకునే బాజీ ఒకరుండాలి. ప్రతి పిల్లవాడి జేబులో తండ్రి ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. సులువుగా విప్పి తొడుక్కునే చెప్పులు, నీళ్ళ సీసా, ఎండకు టోపీ లేదా దుపట్టా, ఒకరి దగ్గర ప్రథమ చికిత్స పెట్టె. ఇవన్నీ చిన్న సంగతులే, కాని నడక తీపి జ్ఞాపకంగా మిగలడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

విన్నదంతా చెప్పరాదు

విన్న ప్రతి మాటనూ వల్లించడం మనిషిని అబద్ధీకుణ్ణి చేయడానికి చాలునన్న ప్రవక్త (స) హెచ్చరిక గైడుకు కంఠస్థమై ఉండాలి. చార్మినార్ చుట్టూ కథలకు కొదువ లేదు. కథ చెప్పడం తప్పు కాదు. కథను చరిత్రగా చెప్పడం తప్పు. పాతబస్తీని గురించి ఇతరులు అసత్యాలు ప్రచారం చేస్తున్నారని మనం బాధపడతాం. అటువంటప్పుడు మన నోటి నుంచి కూడా నిర్ధారణ లేని మాట రాకూడదు. అది మనకు అనుకూలమైన మాటే అయినా సరే.

అందుకే గైడు మూడు ముక్కలను విడివిడిగా వాడాలని నిర్ణయించాం. ఆధారమున్న చోట "ఇది రాసి ఉంది" అనాలి. జనశ్రుతి అయితే "ఇలా చెబుతారు" అనాలి. రెండూ కానప్పుడు "తెలియదు" అనాలి. మూడవ మాట చెప్పగలిగినవాడి మొదటి మాటను శ్రోతలు నమ్ముతారు.

చార్మినార్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా దీన్ని కట్టించారని చెబుతారు. ఇది జనశ్రుతి. నిర్మాణ సంవత్సరం మాత్రం అంకెల్లో దొరుకుతుంది. అరబీ అక్షరాలకు సంఖ్యలు కేటాయించే అబ్జద్ పద్ధతిలో చార్మినార్ కాలాన్ని సూచించే పదం 'యా హాఫిజ్', అంటే 'ఓ రక్షకుడా'. యే అక్షరానికి 10, అలిఫ్‌కు 1, హేకు 8, మళ్ళీ అలిఫ్‌కు 1, ఫేకు 80, జోయ్‌కు 900. మొత్తం 1000. హిజ్రీ 1000వ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలైంది. చార్మినార్ కింద నిలబడి పిల్లల చేత కాగితం మీద ఈ కూడిక చేయిస్తే, వారు ఆ సంవత్సరాన్ని జీవితాంతం మరచిపోరు.

భాగమతి కథ వద్ద గైడు మరింత జాగ్రత్త వహించాలి. ఫరిష్తా వంటి ఆనాటి చరిత్ర రచయితలు భాగ్‌నగర్ పేరును ప్రస్తావించారు. హారూన్ ఖాన్ షేర్వానీ వంటి ఆధునిక చరిత్రకారులు ఆ కథను అంగీకరించలేదు. ఇరు పక్షాల వాదననూ రెండేసి వాక్యాల్లో చెప్పి ఊరుకోవాలి. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉన్నదన్న మాట "చెబుతారు" కోవలోనిదే. దానికి ఇంతవరకు రుజువు లభించలేదు.

మక్కా మస్జిద్ దగ్గర రెండు రకాల మాటలూ పక్కపక్కనే దొరుకుతాయి. మధ్య కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలు వాడారని చెబుతారు. హౌజ్ పక్కనున్న రాతి బల్ల మీద కూర్చున్నవారు మళ్ళీ ఇక్కడికి వస్తారని కూడా చెబుతారు. రాకపోకలు అల్లాహ్ చేతిలో ఉన్నాయి గాని రాతి బల్ల చేతిలో లేవని పిల్లలకు చిరునవ్వుతో వివరించవచ్చు. ఇక రాసి ఉన్నది చూద్దాం. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టవెర్నియే ఈ మస్జిదు నిర్మాణం సాగుతుండగా చూశాడు. మిహ్రాబ్ కోసం ఒకే బండను తొలచి తీయడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు శ్రమించారని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయని ఆయన తన యాత్రా గ్రంథంలో నమోదు చేశాడు. 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేసిన ఈ మస్జిదు, ఆయన వంశం అంతరించాక 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. పునాది వేసినవారికి ముగింపు చూసే భాగ్యం కలగలేదు. అయినా పని ఆగలేదు. రాళ్ళు కొట్టినవారి పేర్లు ఎవరికీ తెలియవు. వారి శ్రమ మీద మనం నేటికీ సజ్దా చేస్తున్నాం. ఈ నడక మొత్తంలో పిల్లల మనసుకు పట్టించవలసిన మాట ఏదైనా ఉంటే, అది ఇదే.

ఇదే ప్రాంగణంలో 2007 మే 18న, జుమా నాడు, బాంబు పేలుడులో నమాజీలు ప్రాణాలు కోల్పోయారు. పెద్ద పిల్లలు దీన్ని గురించి అడగవచ్చు. గైడు జరిగినదాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, మృతుల కోసం దుఆ చేయించి ముందుకు సాగాలి. అక్కడ ఉపన్యాసం అవసరం లేదు.

బాట హక్కు

దారుల్లో కూర్చునేవారు దారికి దాని హక్కును చెల్లించాలని, చూపును అదుపులో ఉంచుకోవాలని, ఎవరికీ బాధ కలిగించరాదని, సలాముకు జవాబివ్వాలని, మంచిని బోధించి చెడును వారించాలని దైవప్రవక్త (స) నేర్పారు. ఇరవై మంది గుంపుగా ఇరుకు గల్లీలో ఆగితే, బండి తోసుకుంటూ వచ్చే తోపుడుబండి సోదరునికి దారి ఉండదు. ఆయన బేరం పోతుంది. కనుక ఎక్కడ ఆగినా గోడవైపు ఒదిగి నిలబడాలి. దుకాణం ముందు ఆగరాదు. చార్మినార్ పక్కనున్న గుడికి వచ్చే భక్తులకు దారి వదలాలి. అక్కడ వాదవివాదాలకు తావివ్వరాదు. ఇతరుల ఇళ్ళ కిటికీలను, మహిళలను ఫోటోలు తీయకూడదు. నమాజు వేళ మస్జిదులో ఫోను తీయరాదు. ఇరానీ చాయ్ తాగిన కప్పు, ఉస్మానియా బిస్కట్ పొట్లం కాగితం మన సంచిలోనే తిరిగి రావాలి.

ఇవి మర్యాద కోసం చెప్పే మాటలు మాత్రమే కావు. పాతబస్తీని చూడటానికి బయటివారు వచ్చినప్పుడు ఎలా మెలగాలని మనం కోరుకుంటామో, ముందు మనం అలా మెలగాలి. నగరాన్ని గౌరవించడం నేర్చిన పిల్లవాడు కమాన్ గోడ మీద పేరు చెక్కడు, పోస్టరు అంటించడు.

నడక తరువాత

ఇంటికి చేరాక ఆ రోజే ప్రతి పిల్లవాడు ఒక పేజీ రాయాలని మా నియమం. తెలుగులో గాని, ఉర్దూలో గాని. చూసినది ఒకటి, విన్నది ఒకటి, ఇంకా తెలుసుకోవాలనుకున్నది ఒకటి. మూడవదే తదుపరి నడకకు బీజం. ఆ ప్రశ్నలతో దారుష్షిఫా, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, పురానాపూల్ కలిపి రెండవ నడకను సిద్ధం చేయాలన్నది మా సంకల్పం.

అలాగే ఇంట్లోని పెద్దల జ్ఞాపకాలను నమోదు చేయండి. వారు ఏ జిల్లా నుంచి, ఏ సంవత్సరంలో ఈ వైపు వచ్చారు, అప్పుడు చాంద్రాయణగుట్ట ఎలా ఉండేది, బావులు ఎక్కడుండేవి, పొలాలు ఎక్కడుండేవి. ఇవి ఏ గ్రంథంలోనూ లేవు. మీ నాన్నమ్మతో పాటే మట్టిలో కలిసిపోతాయి.

డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లల్లో, కుర్రవాళ్ళలో ఇద్దరు ముగ్గురిని గైడులుగా తీర్చిదిద్దగలిగితే ఈ శ్రమ నిలుస్తుంది. వారికి తెలుగు వచ్చు, దక్కనీ వచ్చు, గల్లీలు తెలుసు. లేనిదల్లా నాలుగు పుస్తకాల చదువు, "తెలియదు" అని చెప్పగల ధైర్యం. ఆ రెండూ అభ్యాసంతో వచ్చేవే.

నగర ప్రాకారం పోయింది. 13 దర్వాజాల్లో 11 పోయాయి. వాటిని తిరిగి నిలపడం మన చేతిలో లేదు. మిగిలినవి ఎవరివో, ఎందుకు కట్టారో తెలిసిన తరాన్ని తయారుచేయడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ చలికాలంలో మీ మొహల్లాలోనూ ఇరవై మందిని పోగుచేయండి. ముందుగా ఒక వృద్ధురాలిని వెంట తీసుకొని దారి నడిచి చూడండి. ఆ తరువాత పిల్లల్ని తీసుకువెళ్ళండి. అల్లాహ్ మన అడుగులను మేలు వైపు నడిపించుగాక! ఆమీన్.